92 రావాల్సిన చోట 46: ఐరన్ ఆక్సైడ్ నానోకణాల అయస్కాంతీకరణం ఎక్కడ తగ్గుతుంది?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. విశాఖపట్నంలో ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థి ఫెర్రిక్, ఫెర్రస్ క్లోరైడ్లను 2:1 నిష్పత్తిలో తీసుకుని, తెరిచి ఉన్న బీకరులో అమ్మోనియాతో కో-ప్రెసిపిటేషన్ (రెండింటినీ కలిపి ఒకేసారి అవక్షేపించడం) చేశారు. వచ్చిన పొడిని 80 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టారు. పొడి నల్లగా కాక ముదురు గోధుమ రంగులో ఉంది. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్) పట్టీ మాగ్నెటైట్ (Fe₃O₄) ప్రామాణిక కార్డుతో సరిపోయింది, శిఖరాల వెడల్పు నుంచి కణం సైజు తేల్చే షెరర్ లెక్కలో 11 నానోమీటర్లు వచ్చింది. అయస్కాంతీకరణం కొలిచే వీఎస్ఎం యంత్రంలో 15,000 ఓర్‌స్టెడ్ క్షేత్రం దగ్గర 46 ఈఎంయూ/గ్రా (గ్రాముకు అయస్కాంత మొమెంట్), కోఎర్సివిటీ (అయస్కాంతీకరణాన్ని సున్నా చేయడానికి కావాల్సిన ఎదురు క్షేత్రం) 14 ఓర్‌స్టెడ్. "మాగ్నెటైట్‌కి 92 ఉండాలి కదా, సగమే ఎందుకొచ్చింది? దీన్ని సూపర్‌పారామాగ్నెటిక్ అనవచ్చా? మళ్లీ చేయాలంటే ఎలా చేయాలి?"

ముందు అసలు జవాబు చెప్పేస్తాను. మీ ప్రయోగం చెడిపోలేదు, 11 నానోమీటర్ల కణాలకు 46 అనేది సహజమైన సంఖ్యే. కాకపోతే మీ చేతిలో ఉన్నది మాగ్నెటైట్ కాకపోవచ్చు, చాలావరకు మాఘెమైట్ (ఫెర్రస్ అంతా ఫెర్రిక్‌గా ఆక్సిడైజ్ అయిన రూపం) అయి ఉంటుంది. అలాగే 46 ఈఎంయూ/గ్రాలో అనుమానించాల్సింది ఈఎంయూని మాత్రమే కాదు, దాని కింద ఉన్న గ్రామును కూడా. ఆ గ్రాములో ఎంత ఆక్సైడ్ ఉంది, ఎంత నీరు, ఎంత ఉప్పు ఉన్నాయన్నది తేల్చకుండా 46ని 92తో పోల్చి లాభం లేదు.

92 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మాగ్నెటైట్ స్ఫటిక నిర్మాణాన్ని ఇన్వర్స్ స్పినెల్ అంటారు. టెట్రాహెడ్రల్ (చుట్టూ నాలుగు ఆక్సిజన్లున్న) స్థానాల్లో ఫెర్రిక్ అయాన్లు, ఆక్టాహెడ్రల్ (చుట్టూ ఆరు ఆక్సిజన్లున్న) స్థానాల్లో సగం ఫెర్రిక్, సగం ఫెర్రస్ ఉంటాయి. రెండు రకాల స్థానాల్లోని స్పిన్లు ఎదురెదురుగా నిలబడతాయి, కాబట్టి ఫెర్రిక్‌ల మొమెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఫెర్రస్‌ది మాత్రం మిగులుతుంది. దీన్నే ఫెర్రిమాగ్నెటిజం అంటాం, ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త లూయీ నీల్ 1948లో వివరించినది ఇదే. ఫార్ములాకు 4 బోర్ మాగ్నెటాన్ల (పరమాణువుల మొమెంట్‌కు కొలమానం) లెక్కన 96.5 ఈఎంయూ/గ్రా వస్తుంది, గది ఉష్ణోగ్రత దగ్గర పెద్ద స్ఫటికానికి అది 92 ప్రాంతం. ఆ ఫెర్రస్ అంతా ఆక్సిడైజ్ అయిపోతే, అదే స్పినెల్ చట్రంలో కొన్ని ఆక్టాహెడ్రల్ స్థానాలు ఖాళీ అయి మాఘెమైట్ అవుతుంది. దానికి గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 76. ఇంకా ముందుకు వెళ్లి హెమటైట్ అయిందంటే 1 ఈఎంయూ/గ్రా కన్నా తక్కువే. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి రైల్లో మన విశాఖ పోర్టుకొచ్చే ఎర్ర ఖనిజం ప్రధానంగా ఈ హెమటైటే. మామూలు అయస్కాంతం దాన్ని దాదాపు పట్టించుకోదు.

ఇప్పుడు మీ 46కి ఒక సాధ్యమైన పద్దు వేసి చూపిస్తాను. కణమంతా మాఘెమైట్ అయిందనుకుంటే మొదలే 76. నానోకణం ఉపరితలంలో స్పిన్లు వరసలో నిలబడవు, బంధాలు తెగిపోయి వంకరగా ఉంటాయి. ఈ పొర అర నానోమీటరు నుంచి ఒక నానోమీటరు దాకా ఉంటుంది. 0.7 తీసుకుంటే 11 నానోమీటర్ల కణంలో సరిగ్గా పనిచేసే గర్భం 9.6 నానోమీటర్లే. 9.6ను 11తో భాగించి ఘనం చేస్తే 0.66, అంటే 76 కాస్తా 50 అయింది. పొడిలో నీరు, హైడ్రాక్సిల్, కడగడంలో పోకుండా మిగిలిన అమ్మోనియం క్లోరైడ్ కలిసి 8 శాతం ఉంటే 46 దగ్గరకు వచ్చేస్తాం. ఈ పద్దు నిజమని కాదు, ఇలా కావచ్చని మాత్రమే. ఒక్కో అంకెనూ విడిగా కొలిచి నింపడమే మీ పని. ఒక నానోమీటరు పొర అనుకుంటే 76 నేరుగా 42కి పడిపోతుంది, అప్పుడు నీటికి చోటే ఉండదు. అందుకే పొర మందాన్ని ఊహించి సరిపెట్టేయకూడదు, మిగతావన్నీ కొలిచాక దాన్ని చివరగా రాబట్టాలి.

ఎక్స్‌ఆర్‌డీ కార్డు సరిపోయింది కాబట్టి మాగ్నెటైట్ అని రాయడం చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో కనిపిస్తుంది. అది చెల్లదు, ఎందుకో అంకెల్లోనే తెలుస్తుంది. మాగ్నెటైట్ లాటిస్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే ఘనపు అంచు) 8.396 ఆంగ్‌స్ట్రామ్‌లు, మాఘెమైట్‌ది 8.346. కాపర్ ఎక్స్-రే గొట్టంతో తీస్తే 311 శిఖరం మొదటిదానికి 35.43 డిగ్రీల దగ్గర, రెండోదానికి 35.65 దగ్గర వస్తుంది. తేడా 0.22 డిగ్రీలు. 11 నానోమీటర్ల కణానికి అదే శిఖరం వెడల్పు 0.76 డిగ్రీలు ఉంటుంది. వెడల్పులో మూడో వంతు కూడా లేని జరుగుడు అది. శాంపిల్ హోల్డర్‌లో పొడి కొంచెం ఎత్తుగా కూర్చున్నా అంత తేడా వచ్చేస్తుంది. ఎక్స్‌ఆర్‌డీతోనే చెప్పాలనుకుంటే 440 శిఖరం చూడండి. అక్కడ 62.53, 62.95, అంటే తేడా 0.42 డిగ్రీలు. పొడిలో కొద్దిగా సిలికాన్ పౌడర్ కలిపి, దాని శిఖరాలతో స్కేలు సరిచేసుకున్నాకే ఈ సంఖ్యలను నమ్మాలి. మాఘెమైట్‌కి 23.8, 26.1 డిగ్రీల దగ్గర అదనంగా సన్నని గీతలు రావాలి, అయితే ఈ సైజులో అవి బ్యాక్‌గ్రౌండ్‌లో మునిగిపోవచ్చు. కాపర్ కిరణాలకు ఇనుము ఫ్లోరెసెన్స్ ఇచ్చి ఆ బ్యాక్‌గ్రౌండ్‌ను ఇంకా లేపుతుంది. మోనోక్రొమేటర్ ఉన్న యంత్రమో కోబాల్ట్ గొట్టమో దొరికితే వాడండి. స్కానును 20 నుంచి కాక 10 డిగ్రీల నుంచి మొదలుపెట్టండి. ఇనుము ఆక్సీహైడ్రాక్సైడ్లలో, క్లోరైడ్ ద్రావణాల్లో తరచూ పుట్టే అకగనైట్ 11.8 దగ్గర, గోథైట్ 21.2 దగ్గర కనిపిస్తాయి. ఇవి అయస్కాంతీకరణానికి ఏమీ కలపవు, బరువును మాత్రం పెంచుతాయి.

రామన్‌లో మాగ్నెటైట్ 668 సెం.మీ.⁻¹ దగ్గర ఒకే బలమైన పట్టీ ఇస్తుంది, మాఘెమైట్ 350, 500, 700 ప్రాంతాల్లో వెడల్పాటి పట్టీలిస్తుంది. లేజర్ పవర్‌ను నమూనా మీద 1 మిల్లీవాట్ కన్నా తక్కువకు దించకపోతే ఆ వేడికే పొడి మారిపోయి 225, 290 దగ్గర హెమటైట్ గీతలు పుడతాయి. చూసేవాళ్లు నమూనాలోనే హెమటైట్ ఉందనుకుంటారు. అవకాశం ఉంటే అన్నిటికన్నా మంచిది మోస్‌బావర్, అంటే ఇనుము కేంద్రకాలు గామా కిరణాలను పీల్చే తీరు చూసే పద్ధతి. మాగ్నెటైట్‌కి రెండు సెక్స్‌టెట్లు (ఆరేసి గీతల గుంపులు) వస్తాయి, రెండోదాని ఐసోమర్ షిఫ్ట్ (గుంపు మధ్యబిందువు జరుగుడు) 0.67 మి.మీ./సె. దగ్గర. మాఘెమైట్‌లో ఆ 0.67 ఉండదు.

ఇవేవీ అందుబాటులో లేకపోయినా కంగారు పడకండి. ఏ కెమిస్ట్రీ ల్యాబులోనైనా రెండు గంటల్లో ఫెర్రస్ ఎంతుందో తేల్చేయవచ్చు, నా దృష్టిలో ఖరీదైన పరీక్షలకన్నా ముందు చేయాల్సింది ఇదే. 0.2 గ్రాముల పొడిని మూత ఉన్న కోనికల్ ఫ్లాస్క్‌లో తీసుకోండి. చిటికెడు సోడియం బైకార్బొనేట్ వేసి, 1:1 హైడ్రోక్లోరిక్ ఆమ్లం 20 మి.లీ. పోయండి. పుట్టిన కార్బన్ డయాక్సైడ్ లోపలి గాలిని బయటకు నెట్టేస్తుంది. మూత వదులుగా ఉంచి, పొడి పూర్తిగా కరిగేదాకా వెచ్చచేసి చల్లార్చండి. సల్ఫ్యూరిక్-ఫాస్ఫారిక్ ఆమ్ల మిశ్రమం 15 మి.లీ., బేరియం డైఫినైలమీన్ సల్ఫొనేట్ కొన్ని చుక్కలు కలిపి, 0.05 నార్మల్ పొటాషియం డైక్రోమేట్‌తో ఊదా రంగు నిలిచేదాకా టైట్రేట్ చేయండి. స్వచ్ఛమైన మాగ్నెటైట్ అయితే 17.3 మి.లీ. పట్టాలి, పూర్తి మాఘెమైట్ అయితే సున్నా. ఉదాహరణకు 3 మి.లీ. పట్టిందంటే ఫెర్రస్‌లో ఆరో వంతు మాత్రమే మిగిలిందన్నమాట. ఫాస్ఫారిక్ ఆమ్లం మానేస్తే ఫెర్రిక్ పసుపు రంగు ఎండ్ పాయింట్‌ను కప్పేస్తుంది, పైగా సూచిక తొందరపడి ముందే రంగు మారుతుంది. బ్యూరెట్ రీడింగు నిలకడగా రాకపోతే మొదట చూడాల్సింది అదే.

మొత్తం ఇనుము కూడా తెలిస్తే నిష్పత్తి వస్తుంది. 50 మి.గ్రా. పొడిని వెచ్చని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ.లో కరిగించి 500 మి.లీ.కి పెంచండి. అందులోంచి 2 మి.లీ. తీసి, హైడ్రాక్సిలమీన్ హైడ్రోక్లోరైడ్, ఎసిటేట్ బఫర్, ఫినాంత్రొలిన్ కలిపి 50 మి.లీ. చేయండి. పావుగంట ఆగి 510 నానోమీటర్ల దగ్గర చూస్తే అబ్సార్బెన్స్ 0.57 ప్రాంతంలో రావాలి. మాగ్నెటైట్ బరువులో 72.4 శాతం ఇనుము, మాఘెమైట్‌లో 69.9 శాతం. మీకు 63 శాతమే వచ్చిందంటే పొడిలో పదో వంతు ఆక్సైడే కాదు. దీంతో ఇంకో లాభం ఉంది. ఫలితాన్ని గ్రాము పొడికి కాకుండా గ్రాము ఇనుముకు రాయవచ్చు. పెద్ద స్ఫటికాల విలువలు అప్పుడు మాగ్నెటైట్‌కి 127, మాఘెమైట్‌కి 109 ఈఎంయూ. నీరు, ఓలిక్ ఆమ్లం, సిట్రేట్ లాంటి పూతలు అన్నీ లెక్కలోంచి తప్పుకుంటాయి. పూత వేసిన కణాలకు, వేయని కణాలకు పోలిక ఇలా చేస్తేనే న్యాయంగా ఉంటుంది. పూత వేయగానే అయస్కాంతీకరణం తగ్గిందని రాసేవాళ్లు చాలాసార్లు పూత బరువునే కొలుస్తున్నారు.

తేమ సంగతి మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పాలి. సముద్రపు గాలిలో ఈ పొడి తెరిచి ఉంచితే తూచేలోపే నీరు పీలుస్తుంది. గ్రాముకు దాదాపు వంద చదరపు మీటర్ల ఉపరితలం ఉన్న పదార్థమిది. టీజీఏ (వేడిచేస్తూ బరువు మార్పు కొలిచే పరీక్ష) తీయిస్తే గాలిలో కాకుండా నైట్రోజన్‌లో తీయించండి. గాలిలో అయితే మిగిలిన ఫెర్రస్ ఆక్సిజన్ పట్టుకుని బరువు పెరుగుతుంది, పూర్తి మాగ్నెటైట్‌కి ఆ పెరుగుదల 3.5 శాతం. నీరు పోవడం, ఆక్సిజన్ చేరడం ఒకదాన్నొకటి కప్పేసి, పొడిలో తేమే లేదన్న భ్రమ కలుగుతుంది.

వీఎస్ఎం దగ్గరకొద్దాం. 10 మి.గ్రా. నమూనాను 1 మి.గ్రా. అటూఇటూగా తూస్తే అక్కడికక్కడే 10 శాతం పోయింది. నాలుగు కాదు, ఐదు దశాంశ స్థానాల తక్కెడ మీద 20 మి.గ్రా. తూచండి. పొడిని క్యాప్సూల్‌లో వదులుగా వదిలేయకూడదు. క్షేత్రం మారినప్పుడల్లా గింజలు తిరిగిపోయి లూప్ (క్షేత్రానికి ఎదురుగా గీసిన అయస్కాంతీకరణపు గీత) వంకర అవుతుంది. టెఫ్లాన్ టేపుతో గట్టిగా చుట్టండి, లేదా కరిగించిన మైనంలో పట్టించండి. ఖాళీ హోల్డర్‌కి అదే టేపు, అదే మైనంతో ఒక లూప్ తీసి తీసివేయండి. క్యాలిబ్రేషన్‌కు నికెల్ వాడతారు, దాని విలువ గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 55 ఈఎంయూ/గ్రా. నికెల్ గోళంతో క్యాలిబ్రేట్ చేసి, పొడవాటి క్యాప్సూల్‌లో నమూనా పెడితే పికప్ కాయిల్స్‌కి రెండు ఆకారాలూ ఒకేలా కనిపించవు, కొన్ని శాతాల తేడా వస్తుంది. రెండూ ఒకే పరిమాణంలో ఉండేలా చూడమని ఆపరేటర్‌ను అడగండి. నొచ్చుకోరు, పనితెలిసిన ఆపరేటర్లు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

మీ 14 ఓర్‌స్టెడ్ కోఎర్సివిటీ మీద ఏమీ కట్టకండి. విద్యుదయస్కాంతపు ధ్రువాల్లో మిగిలే క్షేత్రం, హాల్ ప్రోబ్ ఆఫ్‌సెట్, స్వీప్ వేగం కలిసి 10 నుంచి 30 ఓర్‌స్టెడ్ దాకా సులువుగా సృష్టించగలవు. గడోలినియం ఆక్సైడ్ లాంటి శుద్ధ పారామాగ్నెట్‌కు అదే సెట్టింగులతో లూప్ తీయండి. దానికి కోఎర్సివిటీ ఉండనే ఉండదు. అక్కడ కూడా 12 వస్తే, మీ 14లో 12 యంత్రానిదే. 15,000 నుంచి 500 చొప్పున దిగుతూ సున్నాను దాటిన డేటా నుంచి 14 అనే సంఖ్య తీయడానికీ వీల్లేదు. అది రెండు బిందువుల మధ్య గీసిన గీత మాత్రమే. ±200 లోపల 5 ఓర్‌స్టెడ్ అడుగులు వేయించండి.

15,000 దగ్గర వచ్చిన విలువనే శాచురేషన్ (ఇక పెరగని గరిష్ఠ విలువ) అని రాయడం కూడా సరికాదు, అయితే ఇక్కడ పోయేది తక్కువ. 9.6 నానోమీటర్ల మాఘెమైట్ గర్భం ఒక్కటే సుమారు 18,500 బోర్ మాగ్నెటాన్ల మొమెంట్ మోస్తుంది. ఉష్ణశక్తితో అది సమానమయ్యేది దాదాపు 240 ఓర్‌స్టెడ్ దగ్గర. ఉష్ణ కదలికను తట్టుకుని మొమెంట్లు క్షేత్రం వైపు ఎంత తిరుగుతాయో చెప్పే లాంజెవిన్ లెక్క ప్రకారం అక్కడ అయస్కాంతీకరణం శాచురేషన్‌లో 31 శాతం, 15,000 దగ్గర 98 శాతం పైన. కాబట్టి అధిక క్షేత్రాల్లో అయస్కాంతీకరణాన్ని క్షేత్రపు విలోమానికి ఎదురుగా గీసి సున్నాకు పొడిగిస్తే దాదాపు ఒక ఈఎంయూ పెరగాలి, అంతే. 10,000 దాటాక కూడా గీత నిటారుగా ఎక్కుతూనే ఉంటే అది లాంజెవిన్ ప్రవర్తన కాదు. ఫెర్రిహైడ్రైట్ లాంటి స్ఫటికం కట్టని హైడ్రాక్సైడ్ ఉందన్నమాట, లేదా ఉపరితల స్పిన్లు బలవంతం మీద లొంగుతున్నాయన్నమాట. ఆ వాలును విడిగా రిపోర్టు చేయండి, తీసేసి దాచకండి.

రెండో ప్రశ్న సూపర్‌పారామాగ్నెటిజం. లూప్ మూసుకుపోయింది కాబట్టి సూపర్‌పారామాగ్నెటిక్ అనడం సగం మాటే. కణం మొమెంట్ తనంతట తాను తిరగబడటానికి పట్టే కాలం, మనం కొలవడానికి తీసుకునే కాలం కన్నా తక్కువైతే ఆ స్థితి వస్తుంది. నీల్ 1949లో ఇచ్చిన సూత్రం ప్రకారం ఆ కాలం ఘనపరిమాణంతో పాటు ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. వంద సెకన్ల కొలతకు అనైసోట్రపీ శక్తి (మొమెంట్‌ను ఒక దిశలో పట్టి ఉంచే శక్తి) ఉష్ణశక్తికి 25 రెట్లు అయినప్పుడు కణం బిగుసుకుంటుంది. పెద్ద స్ఫటికపు అనైసోట్రపీ, ఘనమీటరుకు 11,000 జౌళ్లు, పెట్టి లెక్కిస్తే గది ఉష్ణోగ్రత దగ్గర హద్దు 26 నానోమీటర్లు. చిన్న కణాల్లో ఉపరితలం వల్ల అనైసోట్రపీ పెరుగుతుంది. 30,000 పెడితే హద్దు 19కి దిగుతుంది. మీ 11 ఆ హద్దుకు చాలా కింద ఉంది, కాబట్టి సూత్రప్రాయంగా సూపర్‌పారామాగ్నెటిక్కే. అయితే 11 అనేది షెరర్ సగటు, అందులోనూ పెద్ద కణాల వైపు మొగ్గే సగటు. వాటిలో కొన్ని 25 దాటినా కొద్దిపాటి అసలైన కోఎర్సివిటీ కనిపిస్తుంది. టీఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కనీసం రెండు మూడు వందల కణాలు కొలిచి లాగ్-నార్మల్ గీత గీయకుండా ఈ వాదన పూర్తికాదు.

గట్టి ఆధారం కావాలంటే జెడ్‌ఎఫ్‌సీ-ఎఫ్‌సీ కొలత చేయించాలి. క్షేత్రం లేకుండా 5 కెల్విన్ దాకా చల్లబరిచి, 50 లేదా 100 ఓర్‌స్టెడ్ పెట్టి వేడెక్కుతుండగా ఒకసారి, అదే క్షేత్రంలో చల్లబరిచి మరోసారి కొలుస్తారు. మొదటి గీత శిఖరం, మొమెంట్లు బిగుసుకునే బ్లాకింగ్ ఉష్ణోగ్రతకు దగ్గర. 11 నానోమీటర్ల విడి కణాలకు అది 22 నుంచి 60 కెల్విన్ మధ్య రావాలి. ఎండిన పొడికి 200 ప్రాంతంలో వస్తే ఆశ్చర్యపోకండి, కణాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నప్పుడు డైపోల్ ఆకర్షణ శిఖరాన్ని పైకి నెడుతుంది. ఎఫ్‌సీ గీత చల్లటి వైపు చదునుగా పరుచుకుంటే అది ఆ పరస్పర ప్రభావానికి గుర్తు. కణాలను పారఫిన్‌లో 1 శాతానికి పలచబరిచి మళ్లీ కొలవండి. శిఖరం కిందికి జారితే కారణం గుంపుకట్టడమే అని రుజువైనట్టు. 1959లో బీన్, లివింగ్‌స్టన్ పెట్టిన పరీక్ష ఇంకోటుంది. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో తీసిన గీతలను, క్షేత్రాన్ని ఉష్ణోగ్రతతో భాగించి గీస్తే ఒకదానిమీద ఒకటి పడాలి. 200, 250, 300 కెల్విన్ దగ్గర మూడు గీతలు చాలు. శాచురేషన్ విలువ ఉష్ణోగ్రతతో కొంత మారుతుంది కాబట్టి దాన్ని కూడా సరిచేసుకుని గీయాలి.

120 కెల్విన్ దగ్గర వెర్వే మార్పు (మాగ్నెటైట్ స్ఫటిక నిర్మాణం, గుణాలు ఒక్కసారిగా మారడం) కనబడితే మాగ్నెటైట్ ఉందనడానికి అది బలమైన సాక్ష్యం. కనబడకపోతే మాత్రం ఏమీ తేలదు, ఇంత చిన్న కణాల్లో, కొంచెం ఆక్సిడైజ్ అయినా, అది చెరిగిపోతుంది. మోస్‌బావర్ కొలత కాలం సెకనులో పది కోట్ల వంతు కాబట్టి, వీఎస్ఎంలో లూప్ మూసుకున్న నమూనాయే అక్కడ సెక్స్‌టెట్ చూపించవచ్చు. ఆ రెండింటి మధ్య వైరుధ్యమేమీ లేదు.

ఇక మళ్లీ చేయడం. మొదటి జాగ్రత్త ఉప్పుల దగ్గరే. ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ మన గాలిలో సీసా తెరవగానే చెమర్చుతుంది, తూచిన బరువులో నీరు ఎక్కువ ఉంటుంది. ఫెర్రస్ క్లోరైడ్ లేత ఆకుపచ్చగా ఉండాలి. పైన పసుపు, గోధుమ పెచ్చు కట్టిందంటే ఆక్సిడైజ్ అయిందన్నమాట. 10 మిల్లీమోల్ ఫెర్రస్‌లో పదో వంతు ఇలా మారినా మీ 2:1 నిష్పత్తి 2.33 అయిపోతుంది. పాత సీసా తప్ప గతిలేకపోతే మోర్స్ సాల్ట్ (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) వాడండి, గాలిలో అది చాలా నిలకడ. 10 మిల్లీమోల్‌కు 3.92 గ్రాములు. ఫెర్రిక్‌ను ద్రావణంగా చేసి అయొడోమెట్రీతో గాఢత తేల్చుకుని, బరువుకు బదులు మి.లీ. లెక్కన తీసుకోవడం ఇంకా మేలు.

కొలతలు ఇవి: ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 5.41 గ్రాములు, ఫెర్రస్ క్లోరైడ్ టెట్రాహైడ్రేట్ 1.99 గ్రాములు, 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మి.లీ. ఆమ్లం ఉండటం వల్ల ఫెర్రస్ నిలుస్తుంది, ఫెర్రిక్ ముందే హైడ్రలైజ్ కాదు. 25 శాతం అమ్మోనియా లెక్క ప్రకారం 7 మి.లీ. చాలు, కానీ పీహెచ్ 10 పైన నిలవాలి కాబట్టి 20 మి.లీ. తీసుకోండి. ఎండాకాలంలో ఒకసారి తెరిచిన అమ్మోనియా సీసా బలం తగ్గిపోతుంది. చల్లబరిచి, ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవండి, చివర్లో పీహెచ్ తప్పకుండా చూడండి. దిగుబడి పూర్తిగా వస్తే 2.3 గ్రాములు.

నైట్రోజన్ విషయంలో చాలామంది శ్రద్ధ పెట్టాల్సిన చోట పెట్టరు. నీటిని మరిగించి ఆక్సిజన్ తీసేయడం మంచిదే. కానీ 30 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ దాదాపు 7.5 మి.గ్రా. మాత్రమే. 100 మి.లీ.లో ఉన్నది మీ 10 మిల్లీమోల్ ఫెర్రస్‌లో ఒక శాతాన్ని మించి పాడుచేయలేదు. నష్టం జరిగేది క్షారం కలిపాక, తెరిచిన బీకరులో గరగర తిప్పుతున్నంతసేపు పైనుంచి కలిసే గాలితో. అందుకే మూడు మెడల ఫ్లాస్క్ తీసుకుని, ద్రావణం ఉపరితలం మీదుగా నైట్రోజన్‌ను మొదటి నుంచి చివరిదాకా పారించండి. తర్వాతి నష్టం కడగడంలో. 200 మి.లీ. చొప్పున ఐదుసార్లు మామూలు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే, ఆ నీటిలోని ఆక్సిజన్ ఒక్కటే 9 శాతం ఫెర్రస్‌ను తినేస్తుంది. కడిగే నీటిని అరగంట నైట్రోజన్ బుడగలతో శుద్ధిచేయండి. ఆఖరి దెబ్బ 80 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచడం. తడి నానోపొడిని వేడి గాలిలో పెట్టడమంటే మాఘెమైట్ చేయడమే, మీ పొడి గోధుమ రంగు అక్కడే వచ్చి ఉంటుంది.

కలపడంలో రెండు విషయాలు. అయస్కాంతపు కడ్డీతో తిప్పే స్టిరర్ వద్దు, పుట్టిన కణాలన్నీ ఆ కడ్డీకే గడ్డలా పట్టుకుంటాయి. పైనుంచి తిప్పే మెకానికల్ స్టిరర్‌ను 800 ఆర్‌పీఎం దగ్గర నడపండి. రెండోది, అమ్మోనియాను ఇనుము ద్రావణంలోకి చుక్కలుగా వేయకండి. పీహెచ్ 3 నుంచి 7 దాకా మెల్లగా ఎక్కుతుంటే ఫెర్రిక్ ముందుగా విడిపోయి హైడ్రాక్సైడ్, గోథైట్ అవుతుంది, ఫెర్రస్ ద్రావణంలోనే ఉండిపోతుంది. 1981లో మస్సార్ ప్రచురించిన పద్ధతిలో ఇనుము ద్రావణాన్నే అమ్మోనియాలోకి పోస్తారు. అలాగే, అమ్మోనియా 20 మి.లీ.ను 80 మి.లీ. నీటిలో కలిపి ఫ్లాస్క్‌లో ఉంచి, గది ఉష్ణోగ్రత దగ్గరే ఇనుము ద్రావణాన్ని వేగంగా పోసేయండి. క్షణంలో నల్లబడాలి. గోధుమగా పుట్టి మెల్లగా నల్లబడితే ఫెర్రస్ తక్కువైందని అర్థం. ఆ తర్వాత 80 డిగ్రీలకు తీసుకెళ్లి 45 నిమిషాలు ఉంచితే స్ఫటికం కుదురుకుంటుంది. మొదటి నుంచే 80 పెడితే అమ్మోనియా ఆవిరైపోయి పీహెచ్ జారుతుంది.

నియోడైమియం అయస్కాంతాన్ని బీకరు అడుగున పెట్టి, పైనీరు వంపేస్తూ కడగండి. సిల్వర్ నైట్రేట్‌కు తెల్లని మడ్డి రాకుండా ఉండేదాకా కడగాలి, మోర్స్ సాల్ట్ వాడినవాళ్లు బేరియం క్లోరైడ్‌తో సల్ఫేట్ కూడా చూడాలి. పీహెచ్ 7 దగ్గరికి వస్తుంటే కణాలు వాటంతటవే గుంపుకట్టి త్వరగా దిగుతాయి, అక్కడ వాటి ఉపరితల ఆవేశం సున్నాకు దగ్గరవుతుంది. చివరగా ఎసిటోన్‌తో ఒకసారి కడిగి, 40 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో ఆరబెట్టండి. పూర్తిగా చల్లారాక గాలిని మెల్లగా వదలండి. పొడిగా, వేడిగా ఉన్న సన్నని మాగ్నెటైట్ ఒక్కసారిగా గాలి తగిలితే ఇంకా వేడెక్కి ఎర్రబడుతుంది. నైట్రోజన్ నింపిన సీసాలో, సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో దాచి, వీలైనంత త్వరగా కొలిపించండి.

నా సలహా ఒకటి. మీ ప్రాజెక్టుకు మాగ్నెటైటే కావాలన్న పట్టు లేకపోతే, ఉద్దేశపూర్వకంగానే మాఘెమైట్ చేసుకోండి. కడిగిన కణాలను 2 మోలార్ నైట్రిక్ ఆమ్లంతో కాసేపు తిప్పి, ఫెర్రిక్ నైట్రేట్ ద్రావణంలో 90 డిగ్రీల పైన అరగంట ఉంచితే ఫెర్రస్ అంతా పోయి, నెలలపాటు మారని పదార్థం వస్తుంది. సగం ఆక్సిడైజ్ అయి ప్రతి వారం విలువ మారే మాగ్నెటైట్‌తో పోలిస్తే దాని మీద చేసిన ప్రతి కొలతా నిలబడుతుంది. స్ఫటికం బాగుపడుతుందని గాలిలో 500 డిగ్రీల దగ్గర కాల్చడం మాత్రం చేయకండి. ఎక్స్‌ఆర్‌డీ శిఖరాలు సన్నబడి అందంగానే కనిపిస్తాయి, కానీ పొడి భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల రంగుకు తిరిగి, హెమటైట్‌గా మారి, అయస్కాంతీకరణం దాదాపు పోతుంది. భీమిలి తీరంలో అయస్కాంతంతో ఏరిన నల్ల ఇసుకను పోలిక నమూనాగా వాడే ఆలోచన కూడా మానుకోండి. అందులోని మాగ్నెటైట్‌లో టైటానియం కలిసి ఉండవచ్చు, ఇల్మెనైట్ అతుక్కుని ఉండవచ్చు. 92 అక్కడా రాదు.

రిపోర్టులో ప్రస్తుత నమూనాను "స్పినెల్ ఐరన్ ఆక్సైడ్" అని రాయండి, టైట్రేషన్ అయ్యాక ఫెర్రస్-మొత్తం ఇనుము నిష్పత్తిని పక్కన వేయండి. 0.33 అయితే మాగ్నెటైట్, 0.05 లోపు అయితే మాఘెమైట్, మధ్యలో అయితే ఆ సంఖ్యే రాయండి. అయస్కాంతీకరణాన్ని గ్రాము పొడికి, గ్రాము ఇనుముకు రెండు విధాలా ఇవ్వండి. కోఎర్సివిటీ గడిలో పారామాగ్నెట్ పరీక్షలో వచ్చిన విలువను కూడా పక్కనే వేసి, "కొలత హద్దులోపే" అని రాస్తే మీ గైడ్ అడిగినా అదే సరైన సమాధానం.